లాప్‌టాప్ హైబర్నేట్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు చూడాల్సినవి

కర్నూలులో లాప్‌టాప్ మూత మూసి, బ్యాగులో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కుతారు. దిగాక జిప్పు తీస్తే లోపల్నుంచి సెగ కొడుతుంది. లాప్‌టాప్ అడుగు చెయ్యి పెట్టలేనంత వేడి. పొద్దున 90 శాతం ఉన్న బ్యాటరీ 35కి దిగిపోయింది. అనంతపురం నుంచి బెంగళూరు పోయేవాళ్లకూ, కడప నుంచి తిరుపతి పోయేవాళ్లకూ ఇదే బాధ. మూత మూస్తే నిద్రపోయిందనుకుంటాం గానీ, అది కళ్లు మూసుకుందంతే. చలికాలంలో స్లీప్‌తో సర్దుకుపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో, గాలాడని బ్యాగులో సగం మెలకువగా ఉన్న లాప్‌టాప్ బ్యాటరీకి చేటు. అక్కడ కావాల్సింది హైబర్నేట్.

అది పనిచేయట్లేదని షాపుకు తీసుకుపోతే తరచూ వినిపించే మాట, "ఫార్మాట్ కొట్టేద్దాంలేన్నా, సాయంత్రానికి రెడీ". ఒప్పుకోకండి. కొత్తగా విండోస్ ఎక్కిస్తే చాలా లాప్‌టాప్‌లలో హైబర్నేట్ మెనూలోనే కనబడదు. పైగా తయారీ కంపెనీ ఇచ్చిన డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు) పోయి, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. కింద చెప్పేవన్నీ ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తాయి.

ముందు హైబర్నేట్ చేసే పనేమిటో

స్లీప్‌లో మీరు తెరిచిన ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబులు అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. ర్యామ్ నిలవాలంటే కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీ కొద్దికొద్దిగా కరుగుతుంది. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదాన్నంతా కుదించి, సి డ్రైవ్‌లో హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే దాచిన ఫైల్లో రాసి, మిషన్ పూర్తిగా ఆరిపోతుంది. మళ్లీ పవర్ బటన్ నొక్కితే ఆ ఫైలును చదివి, ఎక్కడ వదిలారో అక్కడికే తెస్తుంది.

అంటే ఈ పని సాఫీగా జరగాలంటే నాలుగు కావాలి: ఆ ఫైలు సరిపడా సైజులో ఉండాలి, దాన్ని రాసే డిస్కు బాగుండాలి, ప్రతి డ్రైవరూ "సరే, నేను ఆగుతున్నాను" అని విండోస్‌కు జవాబివ్వాలి, రాయడం అయ్యేదాకా బ్యాటరీ నిలబడాలి. తప్పు ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మీ లాప్‌టాప్ జబ్బు ఏది?

"హైబర్నేట్ కావట్లేదు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ దాని వెనక వేర్వేరు జబ్బులుంటాయి. మెనూలో ఆప్షనే లేకపోవడం ఒకటి. ఆప్షనుండి నొక్కితే స్క్రీన్ నల్లబడి, ఫ్యాను తిరుగుతూనే ఉండటం ఇంకోటి. ఆరిపోయి దానంతటదే లేచి కూర్చోవడం, లేదా లేపితే పాత పనులేవీ లేకుండా కొత్తగా స్టార్ట్ కావడం మిగతావి. అసలు హైబర్నేట్ అనుకుంటున్నది స్లీప్ అయ్యుండటమూ చాలా మామూలే.

ఆ చివరిదాన్ని తేల్చుకోవడం సులువు. మూత మూసి రెండు నిమిషాలాగి తెరవండి. కీబోర్డు మీద ఏ మీట నొక్కినా వెంటనే లాక్ స్క్రీన్ వస్తే అది స్లీప్. ఏ మీటకూ పలకకుండా, పవర్ బటన్ నొక్కితేనే కంపెనీ లోగో వచ్చి, తర్వాత పాత పనులు కనబడితే అది హైబర్నేట్. పక్కనుండే చిన్న లైటు కూడా చెబుతుంది: స్లీప్‌లో చాలా మోడళ్లలో మెల్లగా ఆరి వెలుగుతుంటుంది, హైబర్నేట్‌లో పూర్తిగా ఆరిపోతుంది. ఛార్జర్ పెట్టి ఉంటే ఛార్జింగ్ లైటు వేరు, దాన్ని చూసి మోసపోకండి.

అన్నిటికంటే ముందు ఒక్క కమాండ్

స్టార్ట్ మెనూలో సిఎండి అని టైప్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. ఇలా తెరవకపోతే కింది కమాండ్లలో సగం అనుమతి లేదంటూ వెనక్కి కొడతాయి. ఇక్కడ కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాం. మీరు ఇంగ్లిష్ స్మాల్ లెటర్లలో టైప్ చేయాలి. పవర్ స్పెల్లింగు రాసి, మధ్యలో ఖాళీ లేకుండా సి, ఎఫ్, జి తగిలిస్తే అదే మనకు కావాల్సిన పవర్‌సిఎఫ్‌జి. దాని తర్వాత ఒక ఖాళీ.

పవర్‌సిఎఫ్‌జి /ఎ

ఎంటర్ కొడితే రెండు భాగాలొస్తాయి. పైన ఈ మిషన్‌లో ఉన్న నిద్ర రకాలు, కింద లేనివి. లేని ప్రతిదాని కిందా కారణం రాసి ఉంటుంది. చాలామంది కింది భాగంలోని పెద్ద జాబితా చూసి బెదిరిపోతారు. ఎస్1, ఎస్2 పక్కన ఫర్మ్‌వేర్ సపోర్ట్ చేయదని ఉంటే అది మామూలే, వదిలేయండి. ఎస్0 లో-పవర్ ఐడిల్ (తక్కువ కరెంటుతో సగం మెలకువగా ఉండే కొత్త రకం నిద్ర) ఉంది కాబట్టి ఎస్3 (పాత రకం స్లీప్) ఆపేశామని రాసున్నా అదీ మామూలే. మనం చూడాల్సింది హైబర్నేట్ అన్న మాట ఏ భాగంలో ఉందో, దాని కింద రాసిన వాక్యమేమిటో. అంతే.

ఆ పై భాగంలో ఎస్0 లో-పవర్ ఐడిల్ కనబడిందంటే మీది మోడర్న్ స్టాండ్‌బై లాప్‌టాప్. ఈ మధ్య వచ్చినవి చాలావరకు ఇవే. ఫోన్‌లాగా, మూత మూసినా లోపల నెట్ చూసుకుంటూ, అప్‌డేట్లు అందుకుంటూ ఉంటుంది. బ్యాగులో సెగ కొట్టే లాప్‌టాప్‌లలో ఎక్కువ ఈ రకమే.

కారణాన్ని బట్టి వైద్యం

హైబర్నేషన్ ఎనేబుల్ చేయలేదు అని ఉంటే: పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆన్ అని కొట్టండి. ఏ సందేశమూ రాకుండా కర్సర్ కింది వరసకు దిగితే పనైనట్టే. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్నా, మన ఊళ్లో కొన్నా ముందు చూడాల్సిందిదే. 128 జీబీ ఎస్ఎస్‌డీలో చోటు మిగల్చడానికి దీన్ని ఆపేసి అమ్మడం మామూలు. "సి డ్రైవ్‌లో జాగా పెంచే చిట్కా" అని వీడియో చూసి మీరే ఎప్పుడో ఆపేసుకుని మరిచిపోయి ఉండొచ్చు కూడా.

హైబర్‌ఫైల్ టైప్ హైబర్నేషన్‌కు సరిపోదు అని ఉంటే: ఆ ఫైలు రెడ్యూస్డ్ రకంలో ఉంది. అది ర్యామ్‌లో 20 శాతం సైజే. ఫాస్ట్ స్టార్టప్‌కు (షట్‌డౌన్ చేశాక విండోస్ త్వరగా లేచే ఏర్పాటు) చాలుతుంది గానీ హైబర్నేట్‌కు చాలదు. పవర్‌సిఎఫ్‌జి /హెచ్ /టైప్ ఫుల్ కొడితే ర్యామ్‌లో 40 శాతానికి పెరుగుతుంది. 8 జీబీ ర్యామ్‌కు 3.2 జీబీ, 16 జీబీకి 6.4 జీబీ. సి డ్రైవ్‌లో అంత ఖాళీ, పైన ఇంకో ఐదారు జీబీ ఊపిరాడేలా ఉందో లేదో ముందే చూసుకోండి. జాగా లేకుంటే కమాండే చోటు లేదని చెబుతుంది. అప్పుడు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ అప్‌డేట్ ఫైళ్లు, టెంపరరీ ఫైళ్లు తీసేయండి. హైబర్‌ఫిల్ డాట్ సిస్‌ను మాత్రం చేత్తో డిలీట్ చేసే ప్రయత్నం వద్దు.

40 శాతం అందరికీ సరిపోతుందా? వర్డ్, బ్రౌజర్ వాడేవాళ్లకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోనో, వర్చువల్ మిషన్లనో తెరిచి ర్యామ్ నిండా నింపి హైబర్నేట్ కొడితే కుదించినా ఫైల్లో పట్టకపోవచ్చు. అప్పుడు ఇంటర్నల్ పవర్ ఎర్రర్ అని నీలి తెర వస్తుంది. ప్రోగ్రాములు తక్కువున్నప్పుడు బాగా హైబర్నేట్ అయి, బరువు పెరిగినప్పుడే ఫెయిలయితే అనుమానం దీనిమీదే. పవర్‌సిఎఫ్‌జి /హెచ్ /సైజ్ 75 కొట్టి చూడండి. ఎస్ఎస్‌డీ పెద్దదైతే 100 ఇచ్చినా నష్టం లేదు.

లోపలి కాంపోనెంట్ ఏదో ఆపిందని, పక్కన గ్రాఫిక్స్ అని ఉంటే: డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. అక్కడ ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్‌విడియా పేర్లేవీ లేక మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ ఎక్కలేదన్నమాట. ఫార్మాట్ కొట్టించిన లాప్‌టాప్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు పట్టుకుని, తయారీ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచే డ్రైవర్ దించుకోండి. "అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌లో" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి.

ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే, అన్నీ సరిగా ఉన్నా కంపెనీ పాలసీ హైబర్నేట్‌ను ఆపి ఉండొచ్చు. దానితో కుస్తీ పట్టకుండా ఐటీ వాళ్లకు చెప్పండి.

మెనూలోకి, మూతకు, టైమర్‌కు

పై భాగంలోకి హైబర్నేట్ వచ్చేసిందా? ముందు దాన్ని నేరుగా పరీక్షించండి. తెరిచిన పనులు సేవ్ చేసి, షట్‌డౌన్ /హెచ్ అని కొట్టండి. ఇది పనిచేస్తే ఇక మిగిలింది సెట్టింగులే.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ అని టైప్ చేసి కంట్రోల్ ప్యానెల్ తెరవండి. పవర్ ఆప్షన్స్‌లో ఎడమవైపు చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ నొక్కండి. కింద హైబర్నేట్ పక్కనున్న గడి బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు. పైన చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్ అనే లింకు నొక్కాకే అది మనమాట వింటుంది. టిక్ పెట్టి సేవ్ చేస్తే స్టార్ట్ మెనూలో హైబర్నేట్ వస్తుంది. అదే పేజీలో మూత మూస్తే ఏం చేయాలో ఉంటుంది. ఆన్ బ్యాటరీ కింద హైబర్నేట్ పెట్టుకోండి. ప్లగ్డ్ ఇన్ కింద స్లీప్ ఉన్నా ఫర్వాలేదు. కానీ ఛార్జర్ పెట్టి ఉండగా మూత మూసి, తర్వాత వైరు పీకి బ్యాగులో వేసుకునే అలవాటుంటే అక్కడా హైబర్నేటే పెట్టండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

స్లీప్‌లోకి పోయిన కొంతసేపటికి హైబర్నేట్‌లోకి మారాలంటే పవర్‌సిఎఫ్‌జి /చేంజ్ హైబర్నేట్-టైమౌట్-డిసి 30 అని కొట్టండి. బ్యాటరీ మీద 30 నిమిషాలు వాడకుండా ఉంటే హైబర్నేట్ అవుతుంది. డిసి బదులు ఏసి అంటే ఛార్జర్ మీద ఉన్నప్పటికి.

ఆరిపోదు, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది

ఇక్కడ ఓపిక కావాలి. ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. పాత హార్డ్ డిస్క్ అయితే నిమిషం పట్టినా ఆశ్చర్యం లేదు. డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపూ అది రాస్తూనే ఉంది, ముట్టుకోకండి. ఐదు నిమిషాలైనా, లైటు కదలక, ఫ్యాను ఆగక ఉంటేనే ఇరుక్కుందని అర్థం. అప్పుడు పవర్ బటన్ 10 సెకన్లు పట్టుకుని ఆర్పండి. సేవ్ చేయని పని పోతుంది.

ఇరుక్కోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఏదో ఒక డ్రైవర్ జవాబివ్వకపోవడం. ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి: డాంగిల్, ప్రింటర్ వైరు, బయటి హార్డ్ డిస్క్, మెమరీ కార్డు, అన్నీ. ఆధార్, బ్యాంకింగ్ పనులు చేసే సెంటర్లలో వేలిముద్రల మిషన్ పొద్దంతా తగిలించే ఉంచుతారు; దాన్నీ పీకండి. తర్వాత హైబర్నేట్ కొట్టి చూడండి. ఈసారి ఆరిపోతే ఒక్కొక్కటే తగిలిస్తూ దొంగను పట్టుకోవచ్చు.

అప్పటికీ కాకపోతే డ్రైవర్లు. వరస ముఖ్యం: మొదట చిప్‌సెట్, తర్వాత ఇంటెల్ మిషన్లలో మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్, ఆ తర్వాత స్టోరేజ్, గ్రాఫిక్స్. ఈ మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్ మీద ఒక మాట. విండోస్ 7, 8 కాలపు లాప్‌టాప్‌లకు విండోస్ 10 ఎక్కించినప్పుడు, విండోస్ అప్‌డేట్ తెచ్చిపెట్టిన కొత్త వెర్షన్ వల్ల స్క్రీన్ ఆరినా పవర్ ఆగకపోవడం బాగా తెలిసిన సంగతి. అలాంటి వాటికి తయారీ కంపెనీ పేజీలో ఆ మోడల్‌కు ఇచ్చిన పాత వెర్షనే మందు. కొత్తదల్లా మంచిదని ఎక్కడా లేదు.

చివరగా బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డులోంచి నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే చేయండి. మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే లాప్‌టాప్‌కు మాత్రం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనిచోట బయోస్ అప్‌డేట్ చేయొద్దు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే ముందు సస్పెండ్ చేయండి. లేదంటే మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

పడుకున్నది దానంతటదే లేస్తుంది

లేచిన వెంటనే పవర్‌సిఎఫ్‌జి /లాస్ట్‌వేక్ కొట్టండి. ఎవరు లేపారో చాలాసార్లు పేరుతో సహా చెబుతుంది. పవర్‌సిఎఫ్‌జి /వేక్‌టైమర్స్ అంటే అలారం పెట్టుకుని కూర్చున్న ప్రోగ్రాములు బయటపడతాయి. నెట్‌వర్క్ అడాప్టర్ అయితే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే టిక్ తీసేయండి. మౌస్‌కూ అంతే. టైమర్లయితే పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, స్లీప్ కింద అలో వేక్ టైమర్స్‌ను డిసేబుల్ చేయండి.

దీనికి సాక్ష్యం ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటుంది. విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి, సోర్స్ గడిలో కెర్నెల్-పవర్ వరసలు వెతకండి. 42 అంటే నిద్రలోకి పోతోంది. 107 అంటే లేచింది. 41 అంటే సక్రమంగా ఆరకుండా మళ్లీ స్టార్ట్ అయింది. సాయంత్రం 6:10కి 42 ఉండి, పొద్దున దాని తర్వాత 41 ఉంటే రాత్రి ఎక్కడో ఇరుక్కుపోయిందో, కరెంటు అందక చచ్చిపోయిందో అన్నమాట. 42 అసలు లేక 506 ఉంటే అది హైబర్నేట్ దాకా పోనేలేదు, మోడర్న్ స్టాండ్‌బైలోకి పోయింది.

లేపితే పాత పనులు ఉండవు

ఫైలు పాడయిందేమో చూద్దాం. పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆఫ్ కొట్టి, రీస్టార్ట్ చేసి, మళ్లీ /హెచ్ ఆన్ కొట్టండి. పాత ఫైలు పోయి కొత్తది తయారవుతుంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీకి క్లోన్ (ఉన్నదంతా యథాతథంగా కాపీ) చేయించాక మొదలైన సమస్యకు కూడా ఇది మొదటి మందు. ఇంకా క్లోన్ చేయించకపోతే, ముందే ఆఫ్ చేసి పంపడం మేలు.

పోలేదంటే చెక్‌డిస్క్ (స్పెల్లింగు సి, హెచ్, కె, డి, ఎస్, కె) సి: /స్కాన్, తర్వాత ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ. ర్యామ్ మీద అనుమానముంటే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ రాత్రి పడుకునేముందు పెట్టండి. హైబర్నేట్‌లో ఉండగా ర్యామ్ మార్చడం, డిస్కు తీసి ఇంకో మిషన్‌కు తగిలించడం చేయకండి. విండోస్ పక్కనే ఉబుంటు (ఒక రకం లినక్స్) కూడా ఎక్కించి డ్యూయల్ బూట్ పెట్టుకున్న విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం: విండోస్‌ను హైబర్నేట్ చేసి, ఉబుంటు నుంచి అదే సి డ్రైవ్‌లో ఫైళ్లు రాస్తే డేటా పాడవుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ కూడా సగం హైబర్నేటే.

ఉబుంటులోనే హైబర్నేట్ కావాలంటే స్వాప్ (ర్యామ్‌కు తోడుగా డిస్కులో కేటాయించిన జాగా) కనీసం ర్యామ్ అంత ఉండాలి, గ్రబ్‌లో (స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూ) రెజ్యూమ్ అనే పారామీటర్‌కు ఆ స్వాప్ పార్టిషన్ యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఇవ్వాలి. స్వాప్ పార్టిషన్ కాక ఫైలైతే, ఆ ఫైలున్న పార్టిషన్ యూయూఐడీతో పాటు ఆఫ్‌సెట్ (ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె) కూడా ఇవ్వాలి. చాలా లినక్స్ పంపిణీల్లో (డిస్ట్రోల్లో) బయోస్‌లోని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ హైబర్నేట్‌ను ఒప్పుకోదు. జడ్‌ర్యామ్ అనే రకం స్వాప్ దీనికి పనికిరాదు, అది ర్యామ్‌లోనే ఉంటుంది కదా.

బ్యాటరీ నిలబడుతోందా?

కరెంటు పోయి, చార్జ్ 5 శాతానికి వస్తే హైబర్నేట్ కావాల్సిన లాప్‌టాప్, 18 శాతం దగ్గరే టప్పున ఆరిపోతుందనుకోండి. అది హైబర్నేట్ తప్పు కాదు, బ్యాటరీ అరిగిపోయింది. పవర్‌సిఎఫ్‌జి /బ్యాటరీరిపోర్ట్ కొట్టండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో స్క్రీన్ మీదే ఉంటుంది, బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ పోల్చండి. డిజైన్ 41,000 మిల్లీవాట్ అవర్లు ఉండి ఇప్పుడు 17,000 చూపిస్తే, కొత్తదానిలో 41 శాతమే మిగిలింది. ఇలాంటి బ్యాటరీలో చూపించే శాతాన్ని నమ్మలేం. వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఫైలు రాసే వ్యవధి దొరకదు. వేడి వల్ల, ఎప్పుడూ నూరు శాతం ఛార్జ్‌లో ఉంచడం వల్ల బ్యాటరీ ఇంకా తొందరగా అరుగుతుంది. మన ఎండల్లో రెండూ కలిసే వస్తాయి.

మార్చేదాకా ఒక సర్దుబాటు: అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో బ్యాటరీ కింద క్రిటికల్ బ్యాటరీ యాక్షన్‌ను హైబర్నేట్ చేసి, క్రిటికల్ లెవెల్‌ను మీ లాప్‌టాప్ ఆరిపోయే అంకెకు ఐదారు శాతం పైన పెట్టండి. 18 దగ్గర పోతుంటే 24 పెట్టాలి. రిజర్వ్ బ్యాటరీ లెవెల్, లో బ్యాటరీ లెవెల్ రెండూ దానికంటే పైన ఉండాలి. ట్రాక్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు భాగం సమంగా కూర్చోకపోయినా ఈ సర్దుబాట్లేవీ వద్దు. బ్యాటరీ ఉబ్బింది, వాడకం ఆపి వెంటనే మార్పించండి.

అన్నీ అయ్యాక రాత్రి పరీక్ష. పది గంటలకు బ్యాటరీ ఎంతుందో చూసి, ఛార్జర్ తీసి, హైబర్నేట్ చేయండి. పొద్దున ఆరింటికి ఒక శాతానికి మించి తగ్గకపోతే బాగైనట్టే. ఐదారు శాతం తగ్గి, ఈవెంట్ వ్యూయర్‌లో మధ్యలో లేచిన దాఖలా లేకపోతే బయోస్‌లోకి వెళ్లి చూడండి. లాప్‌టాప్ ఆరిపోయి ఉన్నా ఫోన్‌కు ఛార్జ్ ఇచ్చే యూఎస్‌బీ ఆప్షన్ ఒకటి ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని ఆపేసి, మరుసటి రాత్రి మళ్లీ కొలవండి.